వైరస్ జబ్బు ముదిరి ఐసీయూలో ఉన్న రోగికి ఈఈజీ: మెదడు తరంగాలు ఏం చెబుతాయి, ఏం చెప్పలేవు

వెంటిలేటర్ మీద ఉన్న రోగి గుండె ఎలా కొట్టుకుంటుందో మానిటర్ మీది గీత చెబుతుంది. ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో వేలికి పెట్టిన క్లిప్పు చెబుతుంది. మూత్రం సంచి చూస్తే కిడ్నీల సంగతి కొంత తెలుస్తుంది. మెదడు సంగతి అలా కాదు. మనిషి మాట్లాడితేనో, పిలిస్తే కళ్లు తెరిస్తేనో, చేయి నొక్కమంటే నొక్కితేనో మెదడు పనిచేస్తోందని తెలుస్తుంది. మత్తుమందు మీద పడుకోబెట్టిన మనిషి ఇవేవీ చేయలేడు. లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి డాక్టర్లు ఇలాంటప్పుడు వాడే పరీక్ష ఈఈజీ, అంటే ఎలక్ట్రో ఎన్‌సెఫలోగ్రామ్. మెదడు తరంగాల పరీక్ష అని కూడా అంటారు.

కోవిడ్ రోజుల్లో చాలా కుటుంబాలు ఈ పేరు మొదటిసారి విన్నాయి. "ఊపిరితిత్తుల జబ్బు కదా, దిమాగ్‌కు పరీక్ష ఎందుకు?" అని ఐసీయూ బయట అడిగినవాళ్లు తక్కువేమీ కాదు. అడగాల్సిన ప్రశ్నే అది.

ఈఈజీ అంటే కరెంట్ పెట్టడం కాదు

ముందుగా ఒక భయం తీర్చాలి. తలకు తీగలు అంటించారని వినగానే కొందరు "కరెంట్ షాక్ ఇస్తున్నారు" అనుకుంటారు. మానసిక జబ్బులకు ఇచ్చే షాక్ చికిత్స వేరు, ఇది వేరు. ఈఈజీ యంత్రం మెదడులోకి ఏమీ పంపదు. మెదడు కణాలు తమంతట తాము పుట్టించే సూక్ష్మమైన విద్యుత్తును తల చర్మం మీద నుంచి వింటుంది, అంతే. ఆ విద్యుత్తు ఎంత చిన్నదంటే, సాధారణంగా 10 నుంచి 100 మైక్రోవోల్టుల మధ్య ఉంటుంది. టార్చిలైటులో వేసే చిన్న సెల్లు 1.5 వోల్టులు. 50 మైక్రోవోల్టులంటే అందులో 30 వేలో వంతు.

తల మీద ఎక్కడెక్కడ ఎలక్ట్రోడ్లు పెట్టాలన్నదానికి ప్రపంచమంతా ఒకే లెక్క ఉంది. ముక్కు మొదలు నుంచి తల వెనక ఎముక దాకా, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా టేపుతో కొలిచి, ఆ కొలతలో 10 శాతం, 20 శాతం దూరాల్లో గుర్తులు పెడతారు. అందుకే దానికి 10–20 పద్ధతి అని పేరు. మామూలుగా 19 చోట్ల తీగలు, వాటికి తోడు చెవుల దగ్గర మరికొన్ని. చర్మాన్ని కాస్త రుద్ది, పేస్ట్ పెట్టి అంటిస్తారు. నొప్పి ఉండదు, రేడియేషన్ ఉండదు, గర్భిణికీ పసిపాపకూ కూడా చేయవచ్చు.

మనిషి మెదడు తరంగాలను మొదట నమోదు చేసినవాడు జర్మనీలోని యేనా నగరానికి చెందిన హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు. 1924లో చేశాడు, 1929లో ప్రచురించాడు. చాలా ఏళ్లు ఎవరూ నమ్మలేదు. అంతకు ముందే, 1875లో, లివర్‌పూల్‌లో రిచర్డ్ కేటన్ జంతువుల మెదడులో విద్యుత్తు ఉందని చూపించాడు.

తరంగాలను వాటి వేగాన్ని బట్టి విడదీస్తారు. సెకనుకు 8 నుంచి 13 సార్లు వచ్చేది ఆల్ఫా. మెలకువగా ఉండి కళ్లు మూసుకున్న ఆరోగ్యవంతుడి తల వెనక భాగంలో ఇది చక్కగా కనిపిస్తుంది. అంతకన్నా వేగంగా వచ్చేది బీటా. 4 నుంచి 8 మధ్యలోది తీటా, 4 కంటే తక్కువది డెల్టా. గాఢ నిద్రలో డెల్టా రావడం మామూలే. మెలకువగా ఉండాల్సిన మనిషిలో తీటా, డెల్టాలే కనిపిస్తే మెదడు మందగించిందని అర్థం.

వైరస్ మెదడును రెండు దారుల్లో దెబ్బతీస్తుంది

కొన్ని వైరస్‌లు నేరుగా మెదడులోకే వెళతాయి. హెర్పిస్ సింప్లెక్స్, జపనీస్ ఎన్‌సెఫలైటిస్, చాందీపురా ఈ కోవలోవి. చాందీపురా పేరు తెలుగు ప్రాంతానికి కొత్త కాదు. 2003 జూన్ నుంచి ఆగస్టు దాకా అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు వచ్చింది, వారిలో 183 మంది చనిపోయారు. కరీంనగర్, వరంగల్ వైపు పల్లెల్లో ఎక్కువ. పొద్దున జ్వరం, సాయంత్రానికి ఫిట్స్, ఒకటి రెండు రోజుల్లోనే కోమా. ఆ మరణాలకు కారణమని పరిశోధకులు తేల్చిన వైరస్‌కు చాందీపురా అన్న పేరు మహారాష్ట్రలోని ఒక ఊరి నుంచి వచ్చింది. 1965లో దాన్ని మొదట గుర్తించింది అక్కడే.

హెర్పిస్ మెదడువాపు గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. దీనికి మందు ఉంది కాబట్టి, ఆలస్యమైతే నష్టం కూడా అంత పెద్దది. ఇది మెదడు పక్క భాగాన్ని, అంటే చెవి పైన ఉండే టెంపోరల్ లోబ్‌ను పట్టుకుంటుంది. జ్ఞాపకం, మాట, స్వభావం అక్కడి నుంచే నడుస్తాయి. అందుకే జ్వరంతో పాటు మనిషి వింతగా మాట్లాడటం, ఇంట్లోవాళ్లను గుర్తుపట్టకపోవడం, ఊరికే కోపం తెచ్చుకోవడం జరుగుతాయి. ఇంట్లోవాళ్లు "సాయా పడింది", "నజర్ తగిలింది" అనుకుని రెండు మూడు రోజులు పోగొట్టే జబ్బు ఇదే. దువా చదవొద్దని, దమ్ చేయించవద్దని ఏ డాక్టరూ అనడు. కానీ జ్వరం, మాట తేడా రెండూ కలిసి వచ్చాయంటే అది ఆసుపత్రి కేసు, ఆ రాత్రే వెళ్లాలి. ఈ జబ్బులో ఈఈజీ తీస్తే తరచుగా ఒకవైపు టెంపోరల్ భాగంలో ఒకటి రెండు సెకన్లకోసారి పదునైన తరంగం గడియారం కొట్టినట్టు వస్తూ ఉంటుంది. ఎసైక్లోవిర్ రాకముందు ఈ జబ్బు వచ్చినవాళ్లలో నూటికి 70 మంది దాకా చనిపోయేవారు. మందు వచ్చాక అది 20–30కి తగ్గింది. అనుమానం రాగానే మందు మొదలుపెడతారు, ఈఈజీ రిపోర్టు కోసమో స్కాన్ కోసమో ఆగరు.

రెండో దారిలో వైరస్ మెదడులోకి పెద్దగా వెళ్లదు. ఒంట్లో అది రేపిన కల్లోలమే మెదడును ముంచుతుంది. తీవ్రమైన కోవిడ్‌లో ఎక్కువగా జరిగింది ఇదే. ఆక్సిజన్ పడిపోతుంది, రోగనిరోధక వ్యవస్థ రెచ్చిపోయి వాపు పుట్టించే రసాయనాలు రక్తంలో నిండుతాయి, రక్తం గడ్డలు కట్టి మెదడు నాళాల్లో అడ్డం పడవచ్చు, కిడ్నీ, లివర్ దెబ్బతింటే విషపదార్థాలు పేరుకుంటాయి. వీటికి తోడు వారాల తరబడి మత్తుమందులు. వైరల్ హెపటైటిస్ ముదిరి లివర్ పూర్తిగా దెబ్బతిన్నప్పుడు కూడా ఇంతే. పచ్చకామెర్ల రోగి మగతగా, తికమకగా మాట్లాడుతుంటే ఈఈజీలో మూడు వంపులున్న తరంగాలు కనిపించవచ్చు. వాటిని ట్రైఫేసిక్ తరంగాలంటారు. పసరు మందుతో వారాలు గడిపి ఈ దశలో వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

కోవిడ్ రోగుల ఈఈజీల్లో కనిపించింది

2020లో అమెరికాలోని ఇద్దరు న్యూరాలజిస్టులు, ఆంటొని, హనీఫ్ అనేవారు, అప్పటిదాకా ప్రపంచంలో ప్రచురితమైన రిపోర్టులన్నీ కూడగట్టి 617 మంది కోవిడ్ రోగుల ఈఈజీ ఫలితాలను ఒకచోట పేర్చారు. మూడింట రెండు వంతుల మందిలో మెదడంతా మందగించిన తీరు కనిపించింది. తేడాలున్న వాటిలో దాదాపు మూడో వంతు మెదడు ముందు భాగంలో, నుదుటి వెనక ఉన్నాయి. వైరస్ ముక్కు గుండా వస్తుంది, వాసన నరం ఆ భాగానికి దగ్గర. కాబట్టి వైరస్ అటు నుంచి మెదడులోకి పాకిందా అన్న చర్చ అప్పట్లో గట్టిగా నడిచింది. అయితే ముందు భాగంలో తరంగాలు మందగించడం మత్తుమందుల వల్లా, ఇతర కారణాల వల్లా ఐసీయూ రోగుల్లో మామూలుగానే కనిపిస్తుంది. దాన్ని "కోవిడ్ గుర్తు" అనడం తొందరపాటే. కోవిడ్‌కు మాత్రమే ప్రత్యేకమైన ఈఈజీ అంటూ ఏదీ తేలలేదు.

ఇంకో మాట. ఆ రోజుల్లో ఈఈజీ చేసింది అందరికీ కాదు, అనుమానం ఉన్నవాళ్లకే. టెక్నీషియన్ రోగి తల దగ్గర అరగంట వంగి నిలబడి ఒక్కో తీగా అంటించాలి, వైరస్ అంటుకునే ప్రమాదం ఎక్కువ. కాబట్టి చాలా ఆసుపత్రులు తీగల సంఖ్య తగ్గించాయి, ఒకసారి వాడి పారేసే ఎలక్ట్రోడ్లు తెచ్చాయి, మరీ అవసరమైతేనే చేశాయి. ఈ లెక్కలన్నీ ఆ ఎంపికలోంచి వచ్చినవి కాబట్టి మొత్తం కోవిడ్ రోగులకు అవే శాతాలు అంటగట్టకూడదు.

బయటికి కనిపించని ఫిట్స్

ఐసీయూలో ఈఈజీకి ఉన్న అసలు పని ఇది. ఫిట్స్ అంటే, మన ఇళ్లలో దౌరా లేదా మిర్గీ అంటే, కాళ్లు చేతులు కొట్టుకోవడం, నోట్లో నురగ అని అందరి మనసులో బొమ్మ ఉంటుంది. మెదడులో విద్యుత్తు తుఫాను ఆగకుండా నడుస్తున్నా ఒళ్లు కదలని ఫిట్స్ కూడా ఉంటాయి. మనిషి ఊరికే పడుకుని ఉంటాడు. మహా అయితే కనురెప్ప అదరడం, కళ్లు రెండూ ఒకే పక్కకు లాగడం, పెదవి మూల లేదా బొటనవేలు సన్నగా వణకడం. ఒక్కోసారి అవీ ఉండవు. కోమా అనుకుంటారు.

2000లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో, ఫిట్స్ గుర్తు ఒక్కటీ లేని 236 మంది కోమా రోగులకు ఈఈజీ తీస్తే 8 శాతం మందిలో ఆగని ఫిట్స్ బయటపడ్డాయి. 2004లో న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీ డాక్టర్లు 570 మంది రోగులకు గంటల తరబడి ఈఈజీ పెట్టి చూశారు. వారిలో 19 శాతం మందికి ఫిట్స్ ఉన్నాయి. అలా ఫిట్స్ ఉన్నవారిలో 92 శాతం మందికి ఒళ్లు కదలనే లేదు. అంటే మెషీన్ లేకపోతే వాళ్ల సంగతి ఎవరికీ తెలిసేది కాదు. మొదటి 24 గంటల్లో 88 శాతం మందిలో ఫిట్స్ దొరికాయి, కోమాలో ఉన్నవారికి ఇంకా ఎక్కువ సమయం పట్టింది. అరగంట ఈఈజీలో ఏమీ లేదంటే ఫిట్స్ లేవని కాదని, ఒక రోజు లేదా అంతకన్నా ఎక్కువ పెట్టి ఉంచాలని డాక్టర్లు అనడానికి కారణం ఇది. బిల్లు పెంచడానికి అని తొందరపడి అనుకోవద్దు. అలాగని అడగడానికి మొహమాటమూ వద్దు. ఎన్ని గంటలు పెడతారు, రికార్డింగ్‌ను రోజుకు ఎన్నిసార్లు న్యూరాలజిస్ట్ చూస్తారు, రేటు గంటకా, రోజుకా అన్నవి ముందే అడగవచ్చు. తీగలు పెట్టి ఉంచి ఎవరూ చదవని రికార్డింగ్ వల్ల రోగికి లాభం లేదు.

కోవిడ్‌లో ఈ సమస్య ఇంకో విధంగా ముదిరింది. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్న రోగిని వెంటిలేటర్‌తో పోట్లాడకుండా ఉంచడానికి కండరాలు సడలించే మందు ఇస్తారు, బోర్లా పడుకోబెడతారు. ఆ మందు మీద ఉన్న మనిషికి ఫిట్స్ వచ్చినా వేలు కూడా కదలదు. అప్పుడు చూపించగలిగేది ఈఈజీ ఒక్కటే. ఫిట్స్ దొరికితే చికిత్స ఉంది. లోరాజెపామ్, మిడజోలామ్ లాంటివి ముందు, ఆ వెంటనే లెవెటిరాసిటామ్, వాల్‌ప్రోయేట్ లాంటివి. లొంగకపోతే మత్తుమందు పెంచి మెదడును కొద్దిసేపు దాదాపు నిశ్శబ్దంలో ఉంచుతారు. ఈఈజీలో అప్పుడు ఒక గీత, ఒక ఖాళీ, మళ్లీ ఒక గీత అన్నట్టు కనిపిస్తుంది. అది డాక్టర్లు కావాలని తెచ్చిన స్థితి. రిపోర్టులో "బర్స్ట్ సప్రెషన్" అని చూసి ఇంటర్నెట్‌లో వెతికి హడలిపోకముందు, ఆ సమయంలో ఏ మత్తుమందు ఎంత ఇస్తున్నారో అడగాలి.

లేవని రోగి, గీత చదునైన రోగి

"మత్తు ఆపి నాలుగు రోజులైంది, అబ్బా కళ్లు తెరవట్లేదు. ఇక లాభం లేదా?" ఈ ప్రశ్న ఎన్నో ఇళ్లు అడిగాయి. అమెరికా ఆసుపత్రుల్లో వెంటిలేటర్ పెట్టిన 795 మంది తీవ్ర కోవిడ్ రోగుల రికార్డులు తీసి 2022లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. వారిలో 72 శాతం మంది మళ్లీ చెప్పిన మాట విని చేసే స్థితికి వచ్చారు. నాలుగో వంతు మందికి అది వెంటిలేటర్ తీశాక 10 రోజులు లేదా అంతకన్నా ఆలస్యంగా జరిగింది. పదో వంతు మందికి 23 రోజులు దాటింది. ఆక్సిజన్ బాగా పడిపోయిన వాళ్లకు ఆలస్యం ఎక్కువైంది. ఆశ వదలడానికి నాలుగు రోజులు చాలా తక్కువ.

స్పందించని రోగి వింటున్నాడేమో తెలుసుకోవడానికి కూడా ఈఈజీని వాడుతున్నారు. 2019లో కొలంబియా బృందం మెదడు దెబ్బతిని కదలిక లేని 104 మందికి "కుడి చేయి తెరవండి, మూయండి" అని చెవిలో చెప్పి ఈఈజీ తీసింది. చేయి కదలకపోయినా 15 శాతం మంది మెదడులో ఆ మాటకు స్పందన కనిపించింది. అలాంటివారిలో ఏడాది తర్వాత కోలుకున్నవారూ ఎక్కువే. వాళ్లు వైరస్ రోగులు కాదు, పద్ధతి కూడా మామూలు ఆసుపత్రుల్లో దొరికేది కాదు. అయినా మంచం పక్కన నిలబడి "ఇక పోయినట్టే" అని గట్టిగా మాట్లాడుకునేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇక చదును గీత. ఈఈజీలో గీత చదునుగా ఉందంటే మనిషి పోయినట్టా? కాదు. మత్తుమందు ఎక్కువైనా, ఒళ్లు బాగా చల్లబడినా గీత చదును కావచ్చు. మన దేశంలో అవయవ మార్పిడి కోసం 1994లో వచ్చిన చట్టం ప్రకారం బ్రెయిన్ స్టెమ్ డెత్ తేల్చేది మంచం దగ్గర చేసే పరీక్షలతో. కంటిపాప వెలుతురుకు స్పందించడం, దగ్గు, వెంటిలేటర్ ఆపితే సొంతంగా ఊపిరి తీసుకోవడం లాంటివి చూస్తారు. నలుగురు డాక్టర్ల బృందం, కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు. ఈఈజీ ఇందులో తప్పనిసరి కాదు.

షరియత్ మాట ఏమిటని అడిగే కుటుంబాలకు రెండు తీర్మానాలు తెలిసి ఉండటం మంచిది. ఇస్లామిక్ దేశాల సంస్థకు చెందిన ఫిఖ్ అకాడమీ 1986లో అమ్మాన్‌లో సమావేశమై, మెదడు పని మొత్తం తిరిగి రాని విధంగా ఆగిందని నిపుణులైన డాక్టర్లు తేల్చితే దాన్ని మరణంగా లెక్కించవచ్చని, యంత్రాలు తీసేయవచ్చని చెప్పింది. మక్కాలోని ముస్లిం వరల్డ్ లీగ్ ఫిఖ్ మండలి 1987లో యంత్రాలు తీయడానికి ఒప్పుకుంది గానీ, గుండె, ఊపిరి ఆగేదాకా మరణం తాలూకు షరయీ హుకుంలు వర్తించవని అంది. జనాజా, ఇద్దత్, వారసత్వం లెక్కలన్నీ ఈ తేడా మీద ఆధారపడతాయి. తమ ముఫ్తీని అడిగేటప్పుడు "కోమా" అని చెప్పకుండా డాక్టర్ రాసిన మాట చూపించి అడగాలి. కోమా వేరు, బ్రెయిన్ డెత్ వేరు.

ఇంటివాళ్లు చేయగలిగిన పనులు

తలకు కొబ్బరినూనె రాసి తీసుకురాకూడదు. నూనె ఉంటే తీగలు అంటుకోవు, సంకేతం సరిగా రాదు. ఐసీయూలో ఉన్న ఆడమనిషికి జుట్టు విప్పాల్సి వస్తుంది. లేడీ టెక్నీషియన్ ఉంటే పంపమని, తెర వేయమని, పని అయ్యాక తీగల మీదుగా దుపట్టా వదులుగా కప్పమని అడగవచ్చు. ముందే చెబితే చాలా ఆసుపత్రులు ఏర్పాటు చేస్తాయి. సాధారణంగా జుట్టు కత్తిరించరు. వీడియోతో కలిపి తీస్తుంటే కెమెరా రోగి మీద ఉంటుంది, ఆ రికార్డింగ్ ఎవరు చూస్తారని అడగడం తప్పు కాదు.

రోగికి గతంలో మిర్గీ ఉందా, ఏ మందులు వాడేవారు, నిద్రమాత్రలు లేదా మద్యం అలవాటు ఉందా అన్నది దాచకుండా చెప్పాలి. మద్యం మాట చెప్పడానికి మన ఇళ్లలో సిగ్గుపడతారు. హఠాత్తుగా మానినా ఫిట్స్ వస్తాయి కాబట్టి డాక్టర్‌కు అది తెలియాలి, పక్కకు పిలిచి చెప్పవచ్చు. కనురెప్ప అదరడం లాంటిది కళ్లబడితే టైమ్ చూసి నర్సుకు చెప్పండి. ఆ నిమిషంలో ఈఈజీలో ఏముందో వెతకడానికి అది పనికొస్తుంది.

గొంతు వినిపించడం కూడా చికిత్సలో భాగమే. 14 దేశాల్లోని 69 ఐసీయూల్లో 2,088 మంది కోవిడ్ రోగులను పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో సగానికి పైగా మందికి మతిభ్రమ, అంటే డెలీరియం వచ్చింది. మిడజోలామ్ లాంటి మత్తుమందుల డ్రిప్ పెట్టినవారిలో ఆ ప్రమాదం పెరిగింది. కుటుంబం వచ్చి గానీ, వీడియో కాల్‌లో గానీ పలకరించిన రోగుల్లో తగ్గింది. అలా పలకరింపు దక్కింది మాత్రం చాలా తక్కువ మందికి. లోపలికి రానివ్వకపోతే ఫోన్ స్పీకర్ పెట్టమని నర్సును అడగండి. అమ్మీ గొంతు, పిల్లల గొంతు, అలవాటైన సూరా ఏదైనా సరే, ఈఈజీ నడుస్తుంటే ఫోన్‌ను తీగలకు దూరంగా పెట్టాలి, మంచం కదపకూడదు. ఛార్జర్, పంపు, రోగిని తట్టడం, అన్నీ గీతల్లో తరంగాల్లాగే కనిపిస్తాయి.

ఇంటికి పంపేటప్పుడు ఫిట్స్ మందు రాస్తే అది ఎన్నాళ్లు అన్నది అప్పుడే అడిగి రాయించుకోవాలి. జబ్బు సమయంలో ఒక్కసారి వచ్చిన ఫిట్స్‌కు జీవితాంతం మందు అక్కర్లేకపోవచ్చు, మళ్లీ ఈఈజీ చూసి కొన్ని నెలలకు తగ్గించేవాళ్లున్నారు. సొంతంగా ఆపితే మాత్రం ఫిట్స్ తిరగబెట్టవచ్చు. రంజాన్ దగ్గర పడితే ఈ విషయం ముందే మాట్లాడాలి. రోజుకు రెండుసార్లు వేసుకునే మందును సహ్రీకి, ఇఫ్తార్‌కు సర్దవచ్చు, మూడుసార్లు వేసుకునేది అయితే డాక్టర్ మార్చాల్సి వస్తుంది. తరావీహ్, సహ్రీల మధ్య నిద్ర తగ్గడమే ఫిట్స్‌కు పెద్ద కారణం, రోగికి రోజా మినహాయింపు ఖురాన్‌లోనే ఉంది.